నేను విన్న ఉపన్యాసం

జులై 19, శనివారం

సాలూరు నుంచి ఇప్పుడే ఇల్లు చేరాను. లారీ యజమానుల సమావేశం నాలుగింటికి అన్నారు, మొదలయ్యేసరికి చీకటి పడింది. ఫిట్‌నెస్ ఫీజుల మీద సమ్మె చేస్తారట. చేయరు. రెండు వర్గాలవాళ్లు ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. అయ్యాక నా స్నేహితుడు రవూఫ్ నన్ను తన షెడ్డుకి లాక్కెళ్లాడు. లారీలకు బాడీలు కట్టే షెడ్డు అది. వాన పడుతుంటే రేకుల కింద కూర్చుని టీ తాగాం, పకోడీ తిన్నాం. ఇంటికి ఒక పొట్లం కట్టించాడు.

ఇక్కడ విజయనగరం గ్రంథాలయంలో సుహాసిని ఉపన్యాసం ఉంది. వెళ్లలేకపోయాను. గ్రంథాలయం చూసుకునే జగన్నాధం మేష్టారు ప్రెస్ నోట్ మధ్యాహ్నమే పంపారు. ఆయన సభ జరగకముందే "సభ జరిగింది, వక్త అన్నారు" అని రాసి పంపుతారు. సాయంత్రం సభ వార్త మర్నాటి జిల్లా పేజీకి అందాలంటే వేరే దారి లేదు. జిల్లాలో అందరం అలాగే వేస్తాం. నోట్ చూసి నాలుగు పేరాలు చేసి, బస్సెక్కేముందు డెస్కుకి పంపేశాను. విషయం తొలినాటి ఇస్లాం రాజ్యంలో భాష, అధికారం. కష్టమైన విషయమే. మేష్టారు బాగానే కుదించారు.

జులై 20

మూడో పేజీ, కింద. హెడ్డింగ్ డెస్కు పెట్టింది: 'పాలకుడి భాషే దేవుడి భాష'. నోట్‌లో ఉన్న వాక్యమే. పక్కన సుహాసిని పాస్‌పోర్టు ఫొటో.

భారతి పేపరు తిప్పుతూ ఆగింది. "ఈవిడ మన వెనకవీధి సుహాసినే గదండీ? ఇలాగ మాటాడదే."

"ఎలాగ?"

"ఇలాగ. మొట్టికాయేసినట్టు."

సభలో మాట తీరు వేరుగా ఉంటుందన్నాను.

జులై 22, మంగళవారం

కాలేజీ గేటుకి ఫ్లెక్సీ కట్టారు. నేను పంపిన వార్త తలుపంత సైజులో ఉంది. హెడ్డింగ్ చుట్టూ ఎర్ర సున్నా. కింద 'మతాన్ని కించపరిచిన అధ్యాపకురాలిని వెంటనే తొలగించాలి' అని ఉంది. ఏ మతాన్నో రాయలేదు. కట్టినవాళ్ల పేర్లు కూడా లేవు. మన జిల్లాలో పేర్లూ ఫొటోలూ లేని ఫ్లెక్సీ నేను చూడటం ఇదే మొదలు.

మధ్యాహ్నం సుహాసిని ఆఫీసుకి వచ్చింది. ఆ కాలేజీలో తొమ్మిదేళ్లుగా చరిత్ర చెబుతోంది. ఇప్పటికీ ఏడాదికోసారి పొడిగించే ఉద్యోగమే. పొడిగింపు ఆగస్టులో. కోటబొమ్మాళి దగ్గర వాళ్లకి కొంచెం వరిపొలం, తల్లి. ఇక్కడ ఒక్కతే ఉంటుంది.

కూర్చోలేదు. "ఆ మాట నేనన్లేదండీ, శంకర్ గారూ."

"నోట్‌లో ఉందమ్మా."

"నోట్ నేను రాయలేదు కదా. మేష్టారు పొద్దున్న ఫోన్ చేసి, ఏటి మాటాడతావమ్మా అని అడిగితే రెండు ముక్కలు చెప్పాను. ఆయనకి అర్థమైంది ఆయన రాశారు. సభలో నేను సరిగ్గా దాన్ని తిరగేసి చెప్పాను. మీరు విని ఉంటే..." ఆగింది. "మీరు రాలేదు కదా?"

"రాలేదు."

"మరదే రాయండి."

రాస్తానన్నాను. చిన్న విషయం. నాలుగు లైన్ల సవరణ.

జులై 23

రాయలేదు. కలెక్టరేట్లో సమీక్ష సాయంత్రం దాకా సాగింది.

జులై 25, శుక్రవారం

సవరణ రాయాలంటే ఆమె అసలేమన్నదో తెలియాలి. పొద్దున్నే వాళ్లింటికి వెళ్లాను. మేడమీద ఒక గది, వంటగది. కింద ఇంటావిడ నన్ను చూసి తలుపు దగ్గరకి వేసుకుంది.

సుహాసిని టీ ఇచ్చి, క్లాసులో చెప్పినట్టే మొదలుపెట్టింది. "అరబ్బులు సిరియా, ఇరాక్ గెలిచి యాభై ఏళ్లు దాటినా లెక్కలు అరబ్బీలో లేవండీ. డమాస్కస్‌లో గ్రీకులో రాసేవారు, ఇరాక్‌లో పారసీకంలో. రాజు మారేడు గానీ గుమాస్తా మారలేదు."

"మన తాలూకాఫీసులాగ."

నవ్వింది. ఈ వారంలో ఆమె నవ్వడం చూడలేదు.

అబ్దుల్ మాలిక్ అనే ఖలీఫా ఇదంతా మార్చాడట. అంతకుముందు నాణేల మీద రాజుల బొమ్మలుండేవి. అవి తీసేసి రెండువైపులా అరబ్బీ అక్షరాలే వేయించాడు. లెక్కలు కూడా అరబ్బీలోనే రాయాలన్నాడు. ఇరాక్‌లో సాలిహ్ అనే గుమాస్తాకి రెండు భాషలూ వచ్చు. నేను మారుస్తానని ఒప్పుకున్నాడు. పాత గుమాస్తాలు వచ్చి, నావల్ల కాదని చెప్పు, డబ్బిస్తామన్నారు. వినలేదు. తనకి పని నేర్పిన పెద్ద గుమాస్తా కొడుకే అతన్ని శపించాడట: మా భాష వేరు తెంపేవు, దేవుడు నీ వేరు తెంపుతాడు అని.

"ఇది జరిగిందా?" అని అడిగాను. మా అలవాటు ప్రశ్న.

"తెలీదండీ. కాగితం మీద పెట్టినవాడు నూట యాభై ఏళ్లు దాటాక పెట్టేడు. కానీ వాళ్లలో ఒక పద్ధతుంది. నాకు ఫలానావాడు చెప్పాడు, అతనికి ఫలానావాడు చెప్పాడు అని వరసగా పేర్లు రాస్తారు. ఆ పేర్లు పట్టుకుని తవ్వేవాళ్లు వేరే ఉండేవారు. ఇతనికీ అతనికీ ముఖపరిచయం ఉందా? ఇద్దరూ ఒక కాలంలో ఒక ఊళ్లో ఉన్నారా? ఒక్క అబద్ధం దొరికిందంటే ఆ మనిషి చెప్పినవన్నీ పక్కన పెట్టేసేవారు."

"మా డెస్కులో అలాంటివాడు ఒక్కడుంటే చాలు."

"మోసం లేదనుకోకండి. కుర్చీలో ఉన్నవాడికి ఏ మాట కావాలో ఆ మాటకి పేర్లు తగిలించేవాళ్లు కూడా పుట్టుకొచ్చేరు. ఉత్తుత్తి పేర్లు కాదు. నలుగురూ నమ్మే మనుషుల పేర్లు."

సభలో ఆమె అన్నది నేను పక్కన కాగితం మీద రాసుకున్నాను. నమ్మేవాళ్లకి అరబ్బీ మొదటినుంచీ దేవుడి మాట దిగిన భాష. ఏ రాజూ దాన్ని అలా చేయలేదు. రాజు చేసింది వేరు. దాన్ని కొలువు భాష చేశాడు. ఉద్యోగం కావాలన్నవాడల్లా నేర్చుకున్నాడు. రెండు మూడు తరాలు తిరిగేసరికి అరబ్బీకి గొప్ప వ్యాకరణం రాసినవాడు పారసీకుడే. అదే భాషలోకి ఒక దారి భక్తి, ఒక దారి బతుకుతెరువు. రెండూ ఒకటేనని ఎవరైనా అంటే ఒప్పుకోకండి. ఇదీ ఆమె అన్నది. మేష్టారు రెండూ ఒకటేనని రాశారు.

"ఇందులో కోపగించుకోడానికి ఏముందమ్మా?"

"కాలేజీ నడిపే త్రినాథ్ గారి కోపం దీని మీద కాదండీ. బీఏ తెలుగు మీడియం ఎత్తేస్తామంటే పిల్లల చేత యూనివర్సిటీకి అర్జీ పెట్టించాను. అప్పుడేం చెయ్యలేకపోయారు. ఇప్పుడు నా నోట పాలకుడు, భాష, దేవుడు మూడూ ఒక్క వాక్యంలో దొరికేయి." టీ గ్లాసు కింద పెట్టింది. "మీరు సవరణ వేస్తే అక్కడితో ఆగిపోతుంది. వెయ్యకపోతే నా ఉద్యోగం ఒక్కటే కాదండీ, పోలీస్ కేసు కూడా పెడతారట. కేసున్నదాన్ని ఇంకే కాలేజీవాళ్లు తీసుకుంటారు?"

రేపు వస్తుందన్నాను.

కాగితంలో రాసుకున్నది మళ్లీ చదివాను. స్పష్టంగా ఉంది. అక్కడుంటే నాలుగు మంచి పేరాలు అయ్యేవి.

జులై 26

సవరణ పంపాను. విశాఖ డెస్కు నుంచి ధనరాజ్ ఫోన్. నా దగ్గరే పని నేర్చుకున్నాడు, ఇప్పుడు నా పైన ఇన్‌ఛార్జి.

"గురువుగారూ, ఇదేటిది? ఆవిడ ఆ మాట అనలేదని వేద్దాం. మరి మనకెలా వచ్చిందంటారు జనం?"

"ప్రెస్ నోట్ వల్ల."

"మా విలేకరి సభకి వెళ్లలేదు అని వేద్దామా?"

ఫోన్ ఇంకో చెవికి మార్చుకున్నాను.

"ఒక్కసారి ఆ ముక్క వేసామంటే మీరు ఇన్నేళ్లూ పంపిన ప్రతి సభా అనుమానమే. మీవొక్కటే కాదు, మొత్తం ఎడిషన్‌వి. పైన మనుషుల్ని తగ్గిస్తన్నారు. యాభై దాటినవాళ్ల గురించి నన్నే అడుగుతన్నారు. నేను మీ పేరు ఎత్తకుండా నెట్టుకొస్తన్నాను. ఇప్పుడు మీరే ఎత్తితే ఎలాగ?" గొంతు తగ్గించాడు. "ఆవిడ్ని ఖండన రాసి పంపమనండి. ఖండనయితే మన తప్పుండదు."

ధనరాజ్ చెప్పినదాంట్లో తర్కం ఉంది. ఖండన ఆమె మాట, సవరణ మా మాట. చదివేవాడికి రెండూ ఒకటే. సుహాసినికి అలాగే చెప్పాను. "ఖండన అంటే నేను బుకాయిస్తున్నట్టు ఉంటుందండీ. విన్నానని రాసినవాడే వినలేదంటే వేరు," అంది. అయినా పంపుతానంది.

జులై 27

ఖండన పంపింది. డెస్కు వేయలేదు. స్థలం లేదట.

జులై 28, సోమవారం

త్రినాథ్ కాలేజీకి రమ్మన్నాడు. కాలేజీ కరస్పాండెంటు ఆయన. అధికార పార్టీలో ఈ ఊరి పనులన్నీ ఆయన చేతిమీదుగానే జరుగుతాయి. గేటు దగ్గర ఫ్లెక్సీ అలాగే ఉంది. స్టాఫ్ రూమ్ ముందు నుంచి వెళ్తుంటే సుహాసిని కనిపించింది. చుట్టూ కుర్చీలు ఖాళీ. మిగతావాళ్లంతా వరండా చివర నిలబడి మాట్లాడుకుంటున్నారు.

"రండన్నా. టీయా, కాఫీయా?"

టేబులు మీద నా వార్త, లామినేషన్ చేయించి ఉంది.

"అన్నా, మీ పేపరంటే మాకు గురి. అందులో వచ్చిందంటే జరిగినట్టే. అవునా కాదా?"

"అవును," అన్నాను. ఇంకేమంటాం?

"వచ్చే గురువారం విచారణ పెట్టేం. ముగ్గురు పెద్దమనుషులు. నాను అందులో ఉండను. రేపొద్దున్న కక్ష కట్టేడని అనకూడదు కదేటి. మీరొచ్చి ఒక్క ముక్క సెప్పాల. ఇన్నాను అని. అంతే. ఆ ముక్క తేలితే పోలీసోలు కేసు కడతారు. తేలకపోతే నేదు. ఆలకీ తొందరేం నేదు."

"నేను..."

"సభకెల్లేరు గదా?"

ఆయన నా వైపు చూడటం లేదు. టీ కప్పు మీద మూత తీసి పక్కన పెట్టుకుంటున్నాడు.

"వార్త నేనే పంపాను," అన్నాను.

"అదే నానంటన్నాను. ఎల్లనోడు ఎలాగ పంపుతాడు? అలాటోడు మన జిల్లాలో ఉంటే సెప్పండి, ఆడి కత సూద్దాం." గట్టిగా నవ్వాడు. నేను కూడా నవ్వాను.

నేను అబద్ధం చెప్పలేదు. వార్త పంపింది నేనే. అది వాస్తవం.

జులై 30

రవూఫ్ ఫోన్ చేశాడు.

"బావా, త్రినాథ్ మనుషులొచ్చినారు. ముస్లిం పెద్దలుగా సంతకాలు పెట్టమన్నారు. ఆ పంతులమ్మ మాటలకి మా మనసు నొచ్చుకున్నాదని రాసి తెచ్చినారు."

"పెట్టావా?"

"ఏటి పెడతాను? నా మనసు నొచ్చుకుంటే నాకు తెల్దేటి? ఆలొచ్చి నాకు సెప్పాలా?" నవ్వి, మళ్లీ అన్నాడు, "ఆయమ్మ ఏటన్నాదో నానిన్నేదు అన్నాను. ఇన్నోల్ని అడగండన్నాను. ఇన్నోడున్నాడు, పేపరాయన అన్నారు. నువ్వేనట."

గది తలుపు వేసుకున్నాను.

"ఆ యాల నువ్వు నా షెడ్డులో పకోడీ తింతన్నావు గదా బావా? ఇజీనారం మాట నీకు సాలూర్లో ఇనిపించినాదా?"

ఫోన్‌తో కిటికీ దగ్గరకి నడిచాను.

"బావా, ఉన్నావా?"

"ఉన్నాను. సిగ్నల్ సరిగ్గా లేదు."

ఆగస్టు 1

సాలూరు వెళ్లింది నిజమే. కానీ ఏ శనివారం? జులై 12న కూడా లారీ యజమానుల మీటింగ్ ఉంది.

ఆగస్టు 2, శనివారం

గంటస్తంభం దగ్గర జగన్నాధం మేష్టారు కనిపించారు. నన్ను చూసి రోడ్డు దాటబోయి, కుదరక ఆగిపోయారు. టీ ఇప్పించాను. గ్రంథాలయం ఉన్న భవనం త్రినాథ్ ట్రస్టుదేనట. నాకు తెలియదు. ఇన్నేళ్లూ మునిసిపాలిటీది అనుకున్నాను.

"పుస్తకాలు యాడ పెట్టుకోవాల బాబూ," అన్నారు. "నలభై బీరువాలు. ఈదిలో పెట్టీసి తాళమేసీగల్రు."

"మీరేమని చెబుతున్నారు, గురువారం?"

"సభ నా నోట్లో ఉన్నట్టే జరిగినాదని సెప్తాను. ఇంకేటి సెప్తాను?" టీ తాగడం ఆపి నా ముఖంలోకి చూశారు. "నువ్వొచ్చినావనే నాకు గుర్తు బాబూ. ఎనకాల నిల్సున్నావు కాదేటి?"

"కూర్చున్నాను," అన్నాను.

ఎందుకన్నానో తెలియదు. సభల్లో నిలబడటం నాకు అలవాటు లేదు, అందుకనై ఉంటుంది.

ఆగస్టు 3

రెండో వరసలో కుడివైపు కుర్చీ. ఫ్యాన్ కింద. ఆ ఫ్యాన్ తిరిగేటప్పుడు టకటకలాడుతుంది. మొదటి వరసలో ఒక పింఛనుదారు దగ్గుతూనే ఉన్నాడు. మైకు రెండుసార్లు కీచుమంది. సుహాసిని ఆకుపచ్చ నేత చీర కట్టుకుంది. చేతిలో కాగితం లేదు. నాణేల గురించి చెప్పేటప్పుడు వేలితో గాల్లో గుండ్రంగా గీసి చూపింది.

ఇంత వివరంగా గుర్తున్నది జరగకుండా ఎలా ఉంటుంది?

ఆగస్టు 4

సుహాసిని మూడుసార్లు ఫోన్ చేసింది. మీటింగుల్లో ఉన్నాను.

ఇంటికి వచ్చేసరికి భారతి గుమ్మంలోనే ఉంది. "ఆవిణ్ణి ఇల్లు ఖాళీ సెయ్యమన్నారట. నెలాఖరు దాకా కూడా కాదు, ఈ వారమే. సామాన్లు సర్దుకుంటంది. సవరణ రాత్తానన్నారు గదా?"

"పంపాను. డెస్కు వేయలేదు."

"మరి విచారణలో సెప్పీండి. ఆ రోజు మీరు ఊళ్లోనే నేరు. సాలూర్నించి పకోడీ పొట్లం తెచ్చేరు, సల్లారిపోతే నేనే పెనం మీద ఏడి సేసేను."

"అది అంతకుముందు వారం."

ఆమె వాదించలేదు. నన్నొకసారి చూసి లోపలికి వెళ్లిపోయింది. అన్నం పెట్టింది. భారతికి తేదీలు గుర్తుండవు.

ఆగస్టు 6, బుధవారం

రవూఫ్ వచ్చాడు. సాలూరు నుంచి బండి మీదే వచ్చాడు, వానకి తడిసి ఉన్నాడు. ఇంట్లోకి రమ్మంటే రాలేదు. షెడ్డు కాలవని ఆక్రమించిందని మునిసిపాలిటీ వాళ్లు నోటీసు అంటించి వెళ్లారట. ముప్పై ఏళ్లుగా ఉన్న షెడ్డు అది. సంతకం పెట్టనన్న మూడో రోజునే అంటించారు.

"రేపు నాను కూడా వస్తాను. నువ్వు నా కాడున్నావని సెప్తాను. ఆల్లేటి సేస్తారో సూద్దాం."

"నీకెందుకు రవూఫ్? ఇప్పటికే నోటీసు మీదకొచ్చింది."

"నా షెడ్డు సంగతి నాను సూసుకుంటాను. నువ్వేటి సెప్తావో సెప్పు."

"చూస్తాను."

"సూసీదేటి బావా? ఆయమ్మ బతుకు నీ నోట్లో ఉన్నాది. సభలో ఉన్నావా, నేవా?"

వర్షం పెద్దదైంది. పక్కింటి ఆయన కిటికీ తెరిచి మా వైపు చూశాడు.

"ఉన్నాను," అన్నాను.

రవూఫ్ నా ముఖంలోకి చూస్తూ నిలబడ్డాడు. నేను ఇంకేదైనా అంటానేమోనని ఎదురుచూసినట్టున్నాడు. తర్వాత బండి తిప్పుకున్నాడు. ఎప్పుడూ వెళ్లేముందు భారతిని పలకరిస్తాడు. ఈసారి పలకరించలేదు.

ఆగస్టు 7, గురువారం

విచారణ ప్రిన్సిపాల్ గదిలో. ముగ్గురు పెద్దలు. మధ్యలో కూర్చున్నాయన రిటైరైన రెవెన్యూ అధికారి. పక్కన కాలేజీ గుమాస్తా రాసుకుంటున్నాడు. త్రినాథ్ లేడు. కానీ బల్ల మీద ఉన్న నాలుగు టీ కప్పులకీ ఆయన గదిలోలాగే మూతలున్నాయి.

మొదట మేష్టారు చెప్పారు. సభ నోట్‌లో ఉన్నట్టే జరిగిందన్నారు. చెబుతున్నంతసేపూ కిటికీ వైపే చూశారు.

తర్వాత నన్ను పిలిచారు.

"ఈ వార్త మీరు పంపిందేనా?"

"నేనే."

"సభకి వెళ్లారా?"

"వెళ్లాను."

"ఈ వాక్యం విన్నారా?"

"విన్నాను."

మొత్తం మూడు పదాలు. అంతకంటే ఏమీ అడగలేదు, నేనూ చెప్పలేదు. లేవబోతుంటే సుహాసిని, "నేనొకటి అడగొచ్చా?" అంది. పెద్దాయన వాచీ చూసుకుని అడగమన్నాడు.

ఆమె గొంతు పెంచలేదు. "శంకర్ గారూ, మీరెక్కడ కూర్చున్నారు?"

"రెండో వరసలో. కుడివైపు."

"ఫ్యాన్ కిందా?"

"అవును. టకటకలాడే ఫ్యాన్."

"నా మాటలు సరిగ్గా వినపడ్డాయా?"

"మైకు రెండుసార్లు కీచుమంది. మిగతా అంతా వినపడింది."

ఆమె నన్నొకసారి చూసింది. తర్వాత పెద్దల వైపు తిరిగింది. "ఆ సాయంత్రం గాలివాన కదండీ. నేను లేచేసరికే కరెంటు పోయింది. ఫ్యాన్ లేదు, మైకు లేదు. లోపల చీకటైతే కుర్చీలు వరండాలోకి తెచ్చుకుని కూర్చున్నాం. ఎవరో స్కూటర్ లైటు వేసి పట్టుకున్నారు. పదిహేను మంది ఉంటారు. మేష్టారే అందరికీ కుర్చీలు అందించారు." ఆయన వైపు చూసింది. "అవునా మేష్టారూ?"

గదిలో ఎవరూ ఆశ్చర్యపోలేదు. అది నేను గమనించాను. ముగ్గురు పెద్దల్లో ఒక్కరి ముఖం కూడా మారలేదు. గుమాస్తా పెన్ను ఆపి, ఇది రాయాలా వద్దా అన్నట్టు పైకి చూశాడు.

"మేష్టారూ," అన్నాడు మధ్యలో ఆయన, "కరెంటు పోయిందా?"

జగన్నాధం మేష్టారు మళ్లీ కిటికీ వైపు తిరిగారు. "గుర్తు నేదు బాబూ. వయసైపోనాది."

"పోనీండి." పెద్దాయన గుమాస్తా వైపు తిరిగాడు. "ఫ్యాన్ తిరిగిందో లేదో మనకనవసరం. వాక్యం అన్నదా, లేదా? విన్నవారున్నారు. రాసుకో."

గుమాస్తా రాసుకున్నాడు. కింద సంతకం పెట్టమన్నారు. పెట్టాను. సుహాసిని బ్యాగు తీసుకుని లేచింది. నా పక్కనుంచి వెళ్తూ, "ఆకుపచ్చ చీర కట్టుకున్నానా?" అని మెల్లగా అడిగింది. నేను చీర గురించి ఎవరికీ చెప్పలేదు. ఆమెకి ఎలా తెలిసిందో అర్థం కాలేదు. కాసేపటికి తట్టింది. గ్రంథాలయం సభలకి ఆమె ఎప్పుడూ ఆ చీరే కడుతుంది.

ఆగస్టు 9

ఆమెను తొలగించారు. కేసు నమోదైంది. వార్త నేనే పంపాను. నాలుగు పేరాలు. హెడ్డింగ్ డెస్కు పెట్టింది.

ఆగస్టు 11, సోమవారం

పొద్దున్న స్టేషన్ నుంచి కానిస్టేబుల్ వచ్చాడు. కోర్టులో చెప్పాల్సిన సాక్షుల్లో నా పేరు మొదట ఉంది. "మీరే గదండీ ఇన్నది?" అన్నాడు. నేనేనన్నాను. సంతకం చేయించుకుని, టీ తాగి వెళ్లాడు. టీ భారతి తేలేదు, నేనే పెట్టాను.

వెనకవీధిలో మేడమీద గదికి తాళం. కింద ఇంటావిడ మెట్లు కడుగుతోంది. సుహాసిని కోటబొమ్మాళి వెళ్లిపోయిందని కొందరు, పోలీసులు తీసుకెళ్లారని కొందరు అంటున్నారు. స్టేషన్‌కి ఫోన్ చేసి కనుక్కోవచ్చు. చేయలేదు. రవూఫ్ ఫోన్ ఎత్తడం లేదు. షెడ్డు కూల్చినట్టు సాలూరు కంట్రిబ్యూటర్ వార్త పంపాడు. రెండు లైన్లు చేసి డెస్కుకి కొట్టాను.

నిన్నటి నుంచి ఆ సాయంత్రం ఇంకా బాగా గుర్తొస్తోంది. ఆమె మాట్లాడటం మొదలుపెట్టేసరికే కరెంటు పోయింది. లోపలంతా చీకటి. అందరం లేచి కుర్చీలు పట్టుకుని వరండాలోకి వచ్చాం. నాది నేనే మోసుకున్నాను. మేష్టారు సాయం చేయబోతే వద్దన్నాను. మైకు లేకపోయినా ఆమె గొంతు వానలో స్పష్టంగా వినపడింది.